జ్వాలాపురం బూడిదకూ ఆఫ్రికా సముద్రపు గుహకూ ఉన్న చుట్టరికం

సంపాదకులకు నమస్కారం.

2024 జూలైలో ఢిల్లీలో యునెస్కో ప్రపంచ వారసత్వ కమిటీ సమావేశాలు జరిగాయి. మన దేశంలో అవి జరగడం అదే మొదటిసారి. అస్సాంలోని మొయిదాములకు, అంటే అహోం రాజుల సమాధి దిబ్బలకు, గుర్తింపు వచ్చిందని నేను చూసిన పేపర్లన్నీ రాశాయి, సంతోషమే. అదే సమావేశాల్లో దక్షిణాఫ్రికాలోని మూడు ఆదిమ మానవ ఆవాసాలకు కూడా గుర్తింపు ఇచ్చారు. డీప్‌క్లూఫ్, సిబుడు, పినకిల్ పాయింట్. ఈ మూడో పేరు మా నంద్యాల జిల్లా వాళ్లందరికీ తెలియాల్సిన పేరు. ఎందుకంటే అక్కడ సముద్రపు ఒడ్డు కొండలో ఆదిమానవులు కాపురమున్న పొరల్లో దొరికిన బూడిదా, బనగానపల్లె దగ్గర జ్వాలాపురం పొలాల్లో ఉన్న బూడిదా ఒక్కటే. ఒకే అగ్నిపర్వతం కక్కిన బూడిద. వాళ్లు దాన్ని రేణువు రేణువుగా వెతికి పట్టుకున్నారు, మనం తవ్వి గిన్నెలు తోమే పొడికి అమ్ముకున్నాం. నేను చెప్పదలచుకున్నది ఇదే, కానీ ఊరికే కోప్పడితే ఎవరికీ అర్థం కాదు కాబట్టి మొదటినుంచీ రాస్తున్నాను, కాస్త పొడుగైనా వేసుకోండి.

పినకిల్ పాయింట్ అనేది ఆఫ్రికా దక్షిణ తీరంలో, కేప్‌టౌన్‌కు తూర్పున సుమారు 400 కిలోమీటర్ల దూరంలో, మోసెల్ బే అనే ఊరి పక్కన ఉంది. నిటారుగా సముద్రంలోకి దిగిన కొండ, ఆ కొండ ముఖంలో వరసగా గుహలు, కింద అలలు. వాటిలో 13బి అని నంబరు పెట్టిన గుహ సముద్ర మట్టానికి సుమారు 15 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అమెరికాకు చెందిన కర్టిస్ మరియన్, దక్షిణాఫ్రికాకు చెందిన పీటర్ నిల్సెన్ 2000లో అక్కడ పరీక్షగా తవ్వి చూశారు, తర్వాత ఏళ్ల తరబడి ఓపిగ్గా తవ్వారు. 2007లో నేచర్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. 1,64,000 ఏళ్ల కిందటే అక్కడ మనుషులు సముద్రపు గుల్లలు, ఆల్చిప్పలు ఏరుకుని తెచ్చి వండుకు తిన్నారు. మనిషి సముద్రం నుంచి తిండి తెచ్చుకున్నాడనడానికి అప్పటికి దొరికిన వాటిల్లో అంత పాత ఆధారం ఇంకొకటి లేదు.

గుహలో గుల్లలు దొరికితే మనిషే తెచ్చాడని ఎలా చెప్తారు, అలలు కొట్టుకొచ్చి ఉండవచ్చు కదా అని నన్ను పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్నే. అలలు తెచ్చినవైతే రకరకాల గుల్లలు, ఇసుకలో అరిగిపోయినవి, చిన్నా పెద్దా కలిసి ఉంటాయి. ఇక్కడ తినడానికి పనికొచ్చే రకాలే ఎక్కువ. వాటి చుట్టూ నిప్పు రాజేసిన ఆనవాళ్లున్నాయి, రాతి పెచ్చులున్నాయి, గీకి అరగదీసిన జేగురు రాళ్లు ఉన్నాయి. జేగురు అంటే మనవాళ్లు గోడల అంచులకు పూసే ఎర్ర రంగు రాయి. దాన్ని గీకి పొడి చేసి వాడుకున్నారు, ఒంటికి పూసుకున్నారో, తోళ్లకు పూశారో, ఇంకెందుకో. ఇంకో ముచ్చట కూడా ఉంది. తిమింగలం చర్మానికి అంటుకుని బతికే ఒక రకం గుల్ల ఆ గుహలో దొరికింది. ఆ గుల్ల ఇంకెక్కడా పెరగదు. అంటే ఒడ్డుకు కొట్టుకొచ్చిన తిమింగలం దగ్గరికి వీళ్లు వెళ్లి, తోలూ కొవ్వూ కోసుకుని పైకి మోసుకొచ్చారన్నమాట. చిన్న గుల్ల ఒక్కటి ఇంత కథ చెప్తుంది, అది ఏ పొరలో, ఏ చోట, దేని పక్కన ఉందో ఎవరో రాసిపెట్టుకుంటేనే.

ఆల్చిప్పలు ఏరడం చూసేవాళ్లకు సులువుగా అనిపిస్తుంది గానీ ఆ తీరంలో అది ప్రాణాల మీదికొచ్చే పని. పెద్ద పెద్ద అలలు రాళ్లకు కొట్టుకుంటుంటాయి. అమావాస్యకీ పౌర్ణమికీ ఆటుపోట్లు పెద్దగా ఉన్నప్పుడు సముద్రం బాగా వెనక్కి పోతుంది, అప్పుడు మాత్రమే కింది రాళ్లు బయటపడి ధైర్యంగా ఏరుకోవచ్చు. కాబట్టి ఆ మనుషులు చంద్రుణ్ణి చూసి ఆటుపోట్లు లెక్క కట్టడం నేర్చి ఉండాలని మరియన్ అభిప్రాయం. మన తీరంలో ఏ మత్స్యకారుణ్ణి అడిగినా తిథి చూసి సముద్రం ఎలా ఉంటుందో చెప్తాడు, అందుకేనేమో నాకు ఆ మాట నమ్మబుద్ధి అవుతుంది.

ఆ కాలం ఎలాంటిదో కూడా చెప్పాలి. సుమారు 1,95,000 ఏళ్ల కిందట మొదలై 1,23,000 ఏళ్ల కిందటి దాకా భూమి అంతా గడ్డు చలి. ఆఫ్రికాలో చాలా ప్రాంతాలు ఎండిపోయాయి, ఎడారులు పెరిగాయి. ఆ దక్షిణ తీరంలో మాత్రం సముద్రంలో గుల్లలు, నేలలో ఆ ప్రాంతపు ప్రత్యేకమైన మొక్కల దుంపలు, రెండూ దొరికేవి. మన జాతి ఆ గడ్డు రోజులు దాటడానికి అలాంటి తీరాలే ఆదుకున్నాయని మరియన్ వాదిస్తారు. అందరూ ఒప్పుకోవాలని లేదు, ఆఫ్రికాలో వేరే చోట్ల కూడా మనుషులు బతికారని చెప్పే పరిశోధకులు ఉన్నారు. అయినా ఈ వాదన చేయడానికి ఆధారాలంటూ మిగిలాయంటే, ఆ గుహల్లోని పొరలు చెదరకుండా ఉండటమే కారణం.

అవి చెదరకుండా ఎలా ఉన్నాయన్నది ఇంకో ఆశ్చర్యం. సముద్రం లోపలికీ బయటికీ జరుగుతూ వచ్చింది. చలి ముదిరినప్పుడు నీరంతా మంచుగా గడ్డకట్టి తీరం పదుల కిలోమీటర్లు వెనక్కి పోయేది, వెచ్చబడితే మళ్లీ కొండకు తగిలేది. (మన బంగాళాఖాతం తీరం కూడా అప్పట్లో ఇప్పుడున్న చోట లేదు, ఆనాటి ఒడ్డున మనుషులు ఏం వదిలివెళ్లినా ఇప్పుడు నీళ్ల కిందే.) సుమారు 90,000 ఏళ్ల కిందట గాలికి కొట్టుకొచ్చిన ఇసుక దిబ్బ ఒకటి 13బి గుహ నోటిని మూసేసింది. మళ్లీ 40,000 ఏళ్ల కిందట గానీ తెరుచుకోలేదు. మూసుకున్న ఆ కాలంలో లోపల సున్నపు పొరలు పేరుకున్నాయి, వాటిలోని యురేనియం లెక్క కట్టి కాలం చెప్పగలిగారు. ఇసుక రేణువులకైతే వేరే పద్ధతి ఉంది. రేణువు చివరిసారి ఎండ మొహం చూసి ఎన్నేళ్లయిందో కొలుస్తారు. ఆస్ట్రేలియాలోని వొలంగాంగ్ యూనివర్సిటీకి చెందిన జెనోబియా జేకబ్స్ ఈ పనిలో దిట్ట, పినకిల్ పాయింట్ కాలక్రమంలో చాలా భాగం ఆమె లెక్కలే.

ఇక మన చుట్టరికం దగ్గరికి వస్తాను. 13బికి దగ్గర్లోనే 5-6 అని పిలిచే ఇంకో ఆవాసం ఉంది. కొండకు ఆనుకుని 14 మీటర్ల మందాన పొరలు పేరుకున్నాయి, సుమారు 90,000 ఏళ్ల నుంచి 50,000 ఏళ్ల దాకా. నాలుగంతస్తుల ఇంటి ఎత్తు మట్టిని వాళ్లు పారలతో కాదు, చిన్న చిన్న పనిముట్లతో తీశారు. రోడ్డు సర్వేవాళ్లు మూడుకాళ్ల మీద పెట్టుకునే టోటల్ స్టేషన్ ఉంటుంది చూడండి, దాంతో ప్రతి రాతి పెచ్చుకూ, ఎముక ముక్కకూ ఎత్తు, పొడవు, వెడల్పు మూడూ కొలిచి కంప్యూటర్‌లోకి ఎక్కించారు. రాతి పెచ్చులు చూస్తే అక్కడివాళ్లు ఎంత తెలివైనవాళ్లో తెలుస్తుంది. సిల్‌క్రీట్ అనే రాయి మామూలుగా మొండిగా ఉంటుంది, కొడితే అనుకున్నట్టు పగలదు. దాన్ని నిప్పు కింద ఇసుకలో పాతిపెట్టి మెల్లగా వేడెక్కించి, మెల్లగా చల్లారనిస్తే నిగనిగలాడుతూ పలచగా, పదునుగా చీలుతుంది. ఈ సంగతి 72,000 ఏళ్ల కిందటికే వాళ్లకు బాగా అలవాటు, ఇంకా చాలా ముందే మొదలై ఉండవచ్చు కూడా. హడావుడిగా మంట పెడితే రాయి పేలిపోతుంది. ఎంత కట్టె, ఎంత ఇసుక, ఎంతసేపు అన్నది ఒకరు ఇంకొకరికి నేర్పకుండా వచ్చే విద్య కాదది.

సరిగ్గా ఈ పొరల మధ్యన, 74,000 ఏళ్ల నాటి మట్టిలో, గాజు రేణువులు దొరికాయి. అగ్నిపర్వతపు బూడిదంటే చాలా మటుకు సన్నని గాజు పొడే. కంటికి కనపడవు. తవ్వేటప్పుడు ఎవరికీ తెలియదు. వరసగా పై నుంచి కిందికి కొద్దికొద్దిగా మట్టి తీసి, ల్యాబులో శుభ్రం చేసి, మైక్రోస్కోపు కింద ఒక్కొక్క ఇసుక రేణువునూ పక్కకు జరుపుతూ వెతికితే బయటపడ్డాయి. అమెరికాలోని నెవాడా యూనివర్సిటీ, లాస్ వేగస్‌కు చెందిన యూజీన్ స్మిత్ బృందం వాటి రసాయనాలు పరీక్షించి, ఇవి ఇండొనేషియాలోని సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం నుంచి వచ్చినవేనని 2018లో నేచర్‌లో ప్రకటించింది. టోబా నుంచి అక్కడికి సుమారు 9,000 కిలోమీటర్లు. గాలిలో అంత దూరం వచ్చి పడ్డ పిసరంత గాజు అది.

టోబా గురించి తెలియనివాళ్ల కోసం ఒక మాట. గత ఇరవై లక్షల ఏళ్లలో అంత పెద్ద పేలుడు భూమ్మీద ఇంకోటి లేదని శాస్త్రవేత్తలు చెప్తారు. పేలిన చోట ఇప్పుడు 100 కిలోమీటర్ల పొడవు చెరువు ఉంది. ఆ బూడిద ఆకాశాన్ని కమ్మేసి, ఏళ్ల తరబడి సూర్యుడు సరిగ్గా కనిపించక, మనుషులు కొన్ని వేలమందికి తగ్గిపోయారని 1998లో స్టాన్లీ ఆంబ్రోజ్ అనే శాస్త్రవేత్త వాదించారు. చాలా కాలం టీవీ కార్యక్రమాల్లో అదే కథ నడిచింది. పినకిల్ పాయింట్‌లో తేలింది వేరు. గాజు రేణువులున్న పొర తర్వాత కూడా అక్కడ మనుషుల ఆనవాళ్లు ఆగలేదు, తగ్గలేదు, పైగా పెరిగాయి. కొత్త రకం సన్నని రాతి పెచ్చులు కూడా ఆ తర్వాతే ఎక్కువగా కనిపిస్తాయి. అంటే ప్రపంచం ఎలా ఉన్నా ఆ ఒడ్డున మాత్రం జీవితం సాగింది.

ఇదే ప్రశ్నకు జవాబు పదకొండేళ్ల ముందే మన జిల్లా నుంచి వెళ్లింది. ఎంతమందికి తెలుసు? జుర్రేరు లోయలో, జ్వాలాపురం దగ్గర, కర్ణాటక యూనివర్సిటీ ధార్వాడకు చెందిన రవి కొరిశెట్టర్, అప్పట్లో కేంబ్రిడ్జ్‌లో ఉన్న మైఖేల్ పెట్రాగ్లియా, ఇంకా చాలామంది కలిసి తవ్వారు. 2007లో సైన్స్ అనే పత్రికలో ఆ ఫలితాలు వేశారు. టోబా మాకు రెండున్నర వేల కిలోమీటర్ల పైచిలుకు దూరం అంతే, కాబట్టి ఇక్కడ మైక్రోస్కోపుతో పనిలేదు. ఒక చోట రెండున్నర మీటర్ల మందాన బూడిద పొర ఉంది. మొదట ఆకాశం నుంచి పడ్డది కొన్ని సెంటీమీటర్లే, ఆ తర్వాత వానలకు చుట్టుపక్కల గట్ల మీదిది కూడా కొట్టుకొచ్చి పల్లంలో పేరుకుంది. తెల్లగా, కాస్త బూడిద రంగులో, వేళ్ల మధ్య రాస్తే పిండిలా మెత్తగా ఉంటుంది, కానీ చివర్లో చిన్నగా గరగరలాడుతుంది, ఆ గరుకే గాజు. దాని కింద రాతి పనిముట్లు దొరికాయి, పైన కూడా దొరికాయి. కిందివీ పైవీ ఒకే తీరు పనితనం. గీకి అరగదీసిన జేగురు ముక్క కూడా ఒకటి కింది పొరలో దొరికింది, పినకిల్ పాయింట్‌లో చెప్పానే, అలాంటిదే. పేలుడుకు ముందూ తర్వాతా ఇక్కడ మనుషులు ఉన్నారని, టోబా వాళ్లను తుడిచిపెట్టలేదని ఆ బృందం తేల్చింది. ఆ పనిముట్లు చేసింది మనలాంటి మనుషులా, మనకు ముందటి జాతివాళ్లా అన్న గొడవ ఇంకా తెగలేదు. ఎముక దొరికితే తెగుతుంది. ఆ ఎముక దొరకాలంటే పొర ఉండాలి.

ఆ పొరే పోతోంది. జ్వాలాపురం బూడిద బయటి ప్రపంచానికి కనపడిందే తవ్వకాల వల్ల, సబ్బు పొడికీ గిన్నెలు తోమే పొడికీ పనికొస్తుందని గుంతలు తవ్వడం వల్ల. ఆ గుంతల గోడల్లోనే శాస్త్రవేత్తలకు పొరలు కనపడ్డాయి. ఆ మేరకు మేలే జరిగిందనుకుందాం. 2007 తర్వాత అయినా, ఇది ఏమిటో ప్రపంచానికంతా తెలిసిన తర్వాత అయినా, ఒక పది ఎకరాలు పక్కన పెట్టి ఉంటే సరిపోయేది. పొలం గలవాణ్ణి నేను తప్పు పట్టను. వాడికి అది పంటకు పనికిరాని తెల్లమట్టి, ఎవరో వచ్చి డబ్బిచ్చి తీసుకుపోతామంటే వద్దనడానికి కారణం లేదు. అది 74,000 ఏళ్ల నాటిదని వాడికి తెలుగులో కూర్చోబెట్టి చెప్పిన అధికారి ఎంతమంది?

అభివృద్ధి ఆపేసి బూడిద కాపాడమంటారా అని అడిగేవాళ్లకు పినకిల్ పాయింట్ సంగతే చెప్తాను. ఆ గుహల మీద, కొండపైన ఇప్పుడు ఏముందో తెలుసా? గోల్ఫ్ కోర్సు, రిసార్టు, ఖరీదైన ఇళ్లు. 1997లో ఆ గోల్ఫ్ కోర్సు కట్టాలనుకున్నప్పుడు ముందుగా పురావస్తు సర్వే చేయించారు. ఆ సర్వేకి వెళ్లిన జొనాథన్ కాప్లాన్, పీటర్ నిల్సెన్‌ల కళ్లకే ఆ గుహల విలువ కనపడింది. గోల్ఫ్ కోర్సూ వచ్చింది, గుహలూ మిగిలాయి. ఎక్కి దిగడానికి కొండకు చెక్క మెట్లు కట్టుకుని ఏళ్ల తరబడి తవ్వుకున్నారు. 27 ఏళ్లకు యునెస్కో గుర్తింపు వచ్చింది. మొదట సర్వే, తర్వాత నిర్మాణం, తేడా అంతా అక్కడే ఉంది. మన దగ్గర 1958 కేంద్ర చట్టం ఉంది, 1960 రాష్ట్ర చట్టం ఉంది, రెండింటిలోనూ పురావస్తు స్థలాన్ని రక్షిత స్థలంగా ప్రకటించే వీలుంది. చట్టం లేదని చెప్పుకోవడానికి లేదు.

ఇంకో బాధ కూడా ఉంది. మా ప్రాంతానికి వచ్చేవాళ్లంతా బెలూం గుహలు చూస్తారు, యాగంటి వెళ్తారు, మంచిదే. మా దగ్గరి బిల్లసర్గం గుహల్లో 1880లలోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త, ఆయన కొడుకు తవ్వి జంతువుల ఎముకలు ఎన్నో తీశారు. అంటే మన నేల మీద ఈ పని మొదలై నూట నలభై ఏళ్లయింది, దక్షిణాఫ్రికా తీరంలో మరియన్ అడుగు పెట్టడానికి వందేళ్ల ముందు. అయినా మా స్కూలు పిల్లలకు జ్వాలాపురం అనే మాట పాఠంలో చెప్పాలంటే నేను పుస్తకం పక్కన పెట్టి సొంతంగా చెప్పాల్సి వస్తోంది. తరగతిలో మ్యాపు తీసి సుమత్రా మీద ఒక వేలు, ఆఫ్రికా కొసన ఒక వేలు పెట్టి, మధ్యలో మన ఊరు ఎక్కడో చూపించమంటే ఆ పిల్లల మొహాల్లో వచ్చే మార్పు నాకు తెలుసు. సార్, ఆ బూడిద చూడటానికి పోదామా అని అడుగుతారు. పోవచ్చు, కానీ ఏ గుంతలో ఏది మిగిలిందో, ఎక్కడ నిలబెట్టి చూపించాలో చెప్పే ఒక్క మనిషి కావాలి కదా.

విశాఖ ఎర్రమట్టి దిబ్బలను జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా పంపారు. అక్కడ కూడా తవ్వకాల గొడవలు ఉన్నాయనుకోండి, అయినా పేరంటూ, హోదా అంటూ ఉంది కాబట్టి జనం ప్రశ్నించగలుగుతున్నారు. జ్వాలాపురం గురించి కూడా అలా ప్రశ్నించగలగాలి. అందుకే అడుగుతున్నాను. బూడిద పొర ఇంకా చెదరకుండా ఎక్కడెక్కడ మిగిలిందో రాష్ట్ర పురావస్తు శాఖ, జియలాజికల్ సర్వే కలిసి ముందు ఒక మ్యాపు గీయాలి. మిగిలినదాంట్లో మంచి చోటు ఒకటి, పైనా కిందా పనిముట్ల పొరలతో సహా, రైతుకు న్యాయమైన పరిహారం ఇచ్చి తీసుకుని కంచె వేయాలి. ఆ చుట్టుపక్కల బూడిద తవ్వకానికి అనుమతులు ఆపాలి. మిగతా పొలాల్లో తవ్వక తప్పని చోట, పారలు దిగకముందు ఒక పురావస్తు విద్యార్థి వచ్చి చూసి, కొలిచి, ఫొటోలు తీసుకునే ఏర్పాటైనా ఉండాలి. దానికి కోట్లు అక్కర్లేదు, మన యూనివర్సిటీల్లో చరిత్ర, పురావస్తు శాస్త్రం చదివే పిల్లలు ఎంతోమంది పని దొరక్క తిరుగుతున్నారు. గుంత పక్కన ఒక బోర్డు పెట్టండి, తెలుగులో, పెద్ద అక్షరాలతో.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. మీ నంద్యాల విలేకరినీ, ఒక ఫొటోగ్రాఫర్‌నూ జ్వాలాపురం పంపండి. ఊరి పెద్దలతో, పొలాలవాళ్లతో మాట్లాడించండి, ఏ ఏడాది ఎక్కడ ఎంత తవ్వారో వాళ్లకు నోటికి వచ్చు. మిగిలిన పొరల ఫొటోలు వేసి, ఇది రక్షిత స్థలమా కాదా, కాకపోతే ఎప్పుడు అవుతుంది అని జిల్లా కలెక్టర్ గారినీ పురావస్తు శాఖ కమిషనర్ గారినీ పేరు పెట్టి అడగండి. వాళ్లిచ్చిన జవాబు ఉన్నదున్నట్టు అచ్చువేయండి. జవాబు రాకపోతే రాలేదని వేయండి.

ఇట్లు,
ఒక సాంఘిక శాస్త్రం టీచరు,
నంద్యాల జిల్లా